పుట్టిన గాలి పోకుండా: మజ్జిగ పాన్‌కేకులపై ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈరోజు మాట్లాడుకునేది మజ్జిగ పాన్‌కేకుల గురించి. ఇంట్లో చేసుకునేవే, పెద్ద హంగులేమీ లేనివి. మందంగా లేవాలి, లోపల గుల్లగా ఉండాలి, వేలితో నొక్కితే అణిగి మళ్లీ లేవాలి. కొలతలు కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయి, అన్నీ అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. అయినా అవే కొలతలతో ఒకరు చేస్తే బొటనవేలి మందాన పొంగుతుంది, ఇంకొకరు చేస్తే అణిగిపోయి పళ్లకి సాగుతుంది. వాళ్ల దగ్గర బేకింగ్ పౌడర్ మంచిదనీ, మన పెనం పాతదనీ సర్దిచెప్పుకుంటాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిండిలో గాలి పుట్టించడం చాలా తేలిక. పుల్లటి మజ్జిగలో చిటికెడు వంటసోడా వేస్తే దానంతటదే పుడుతుంది, మన ప్రతిభ ఏమీ అక్కర్లేదు. కష్టమంతా ఆ గాలి చుట్టూ ఉన్న పిండి ఉడికి గట్టిపడేదాకా దాన్ని లోపలే ఉంచడంలో ఉంది. కలపడం, ఆగడం, పెనం వేడి చూసుకోవడం, తిరగేయడం, ఏ పని చేస్తున్నా మనసులో ఒకటే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల గాలి ఉంటుందా, పోతుందా? నేను గంటసేపు చెప్పేదంతా ఆ ప్రశ్నకి జవాబులే.

ముందు మజ్జిగ సంగతి. పాలు పోయకుండా మజ్జిగే ఎందుకు? పులుపు కోసం, చిక్కదనం కోసం. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పెరుగుతూ పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పాలు చిక్కబడతాయి. పులుపేమో సోడాతో కలిసి గాలిని పుట్టిస్తుంది, చిక్కదనమేమో ఆ గాలిని పైకి తేలిపోకుండా పట్టి ఉంచుతుంది. రెండు పనులూ చేసే పదార్థం వంటింట్లో ఇంకోటి అంత సులువుగా దొరకదు.

వెన్న చిలికి తీశాక మిగిలిన మజ్జిగకి ఇంకో గుణం ఉంది. పాలలోని కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది, ఒక్కో బిందువు చుట్టూ సన్నటి పొర. చిలికినప్పుడు ఆ పొరలు చిట్లి, కొవ్వు వెన్నగా పైకి తేలుతుంది, పొరల ముక్కలు చాలావరకు మజ్జిగలోనే మిగిలిపోతాయి. వాటిలో ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి. నీళ్లనీ కొవ్వునీ విడిపోకుండా కలిపి ఉంచడం వాటి పని. అందుకే అలాంటి మజ్జిగ పోసిన పిండి నునుపుగా వస్తుంది. ఇప్పుడు కల్చర్డ్ బటర్‌మిల్క్ పేరుతో ప్యాకెట్లలో వచ్చేది చిలికిన మజ్జిగ కాదు, కొవ్వు తగ్గించిన పాలని బ్యాక్టీరియాతో పులియబెట్టి చేస్తారు. అదీ చిక్కగా పుల్లగా ఉంటుంది కాబట్టి పని బాగానే జరుగుతుంది.

తాగడానికని నీళ్లు బాగా పోసి చేసే పలుచటి మజ్జిగ మాత్రం దీనికి పనికిరాదు. ఇంట్లో పెరుగుంటే ముప్పావు కప్పు గట్టి పెరుగులో పావు కప్పు నీళ్లో పాలో పోసి చిలకండి, కప్పు మజ్జిగ అయింది. పెరుగు కూడా లేదంటే ఒక కప్పు పాలలో టేబుల్‌స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు వదిలేయండి. పాలు కొద్దిగా విరిగి పుల్లబడతాయి. దీంతో పులుపు సమస్య తీరుతుంది గానీ చిక్కదనం రాదు. అప్పుడు రెండు మూడు చెంచాల పాలు తగ్గించుకోవాలి, లేకపోతే పెనం మీద పరుచుకుపోతుంది.

కొలతలు ఇప్పుడే చెప్పేస్తాను, మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారు. మైదా 250 గ్రాములు. చక్కెర 2 టేబుల్‌స్పూన్లు. బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. మజ్జిగ 480 మిల్లీలీటర్లు, అంటే రెండు కప్పులు. గుడ్లు 2. కరిగించిన వెన్న 3 టేబుల్‌స్పూన్లు. పావు కప్పు చొప్పున పోస్తే సుమారు డజను వస్తాయి. మైదాని మాత్రం తూకం వేయండి. వదులుగా నింపిన కప్పులో 125 గ్రాములు పడితే, డబ్బాలో కప్పు ముంచి కుక్కి తీసినదాంట్లో 150 దాటుతుంది. రెండు కప్పులకి కలిపి 50 గ్రాముల తేడా వస్తే పిండి పిండిలా ఉండదు, ముద్దవుతుంది. మిగతా వాటిలో అటూ ఇటూ అయినా కొంప మునగదు. సోడాలో తప్ప.

సోడా గురించి కాస్త వివరంగా చెప్పాలి. వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్. తడి తగిలి, ఆమ్లం తగిలితే వెంటనే కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతుంది. ఆ 'వెంటనే' అన్నదే మనకి ఇబ్బంది. పిండి కలిపిన క్షణం నుంచి గాలి పుట్టడం మొదలవుతుంది, పెనం ఇంకా వేడెక్కకపోయినా సరే, ఫోన్ మోగినా సరే. దాని పని అది చేసుకుపోతుంది. మీరు పది నిమిషాలు ఆలస్యం చేస్తే సోడా ఇచ్చే గాలిలో చాలా భాగం గిన్నెలోంచే పోతుంది.

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో అమెరికాలో కట్టెల బూడిద నుంచి తీసిన పెర్లాష్ అనే క్షారాన్ని పుల్లటి పాలలో కలిపి పిండిని పొంగించేవాళ్లు. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనే బావాబామ్మర్దులు అక్కడే వంటసోడా తయారీ మొదలుపెట్టాక అది ఇళ్లలోకి వచ్చింది. అదైనా కలిపాక పరుగెత్తాల్సిందే. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి ఈస్ట్ పడేది కాదు, ఆమె కోసం 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇంట్లో అవసరం కోసం మొదలైన పని అది, నాకు ఆ సంగతంటే ఇష్టం. తర్వాత 1856లో ఎబెన్ హార్స్‌ఫర్డ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మోనోకాల్షియం ఫాస్ఫేట్ అనే పొడి ఆమ్లానికి పేటెంట్ తీసుకున్నాడు. సోడా, పొడి ఆమ్లం ఒకే డబ్బాలో ఉంటాయి, తడి తగిలేదాకా ఒకదాన్నొకటి పట్టించుకోవు. మధ్యలో తేమని పీల్చుకోవడానికి కాస్త మొక్కజొన్న స్టార్చ్. బేకింగ్ పౌడర్ అంటే ఇంతే.

ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం డబుల్ యాక్టింగ్ రకం. అంటే తడి తగిలినప్పుడు కొంత గాలి, వేడి తగిలినప్పుడు మిగతాది. మనకి ముఖ్యం ఆ రెండోది. పెనం మీద పిండి గట్టిపడటం మొదలయ్యే సమయానికే కొత్త గాలి పుడుతుంది, అది తప్పించుకోవడానికి టైమ్ ఉండదు. కాబట్టి ఈ వంటలో పొంగు బాధ్యత ఎక్కువగా బేకింగ్ పౌడర్‌దే.

ముందు వరసలో మేడమ్ చెయ్యెత్తారు, అడగండి. ... మరి సోడా ఎందుకు, మానేయొచ్చు కదా అంటున్నారు. మంచి ప్రశ్న. మానేసి చేసి చూడండి, పొంగుతుంది, కానీ తెల్లగా పాలిపోయి ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే పులుపు కొడుతుంది. పైన రంగు రావడానికి కారణం మెయిలార్డ్ చర్య. ప్రోటీన్లు, చక్కెరలు వేడిలో కలిసి గోధుమరంగునీ ఆ కమ్మటి వాసననీ ఇస్తాయి. లూయీ కమిల్ మెయిలార్డ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1912లో దీన్ని వివరించాడు. ఆమ్లం ఎక్కువుంటే ఈ చర్య మందగిస్తుంది, క్షారగుణం పెరిగితే జోరందుకుంటుంది. సోడా మజ్జిగ పులుపుని కొంత విరిచేసి రంగు రానిస్తుంది. ఒక కప్పు మజ్జిగ పులుపుని పూర్తిగా విరిచేయడానికి సుమారు అర టీస్పూన్ సోడా కావాలి. మనం రెండు కప్పులకి అర టీస్పూనే వేస్తున్నాం, అంటే సగం పులుపు మిగులుతుంది. కావాలనే మిగులుస్తున్నాం. మజ్జిగ రుచి తెలియకపోతే మజ్జిగ ఎందుకు పోసినట్టు?

ఇంకా పొంగాలని సోడా పెంచితే సబ్బు రుచి వస్తుంది, లోపల ఉడక్కముందే పైన నల్లబడుతుంది. పిండిలో బ్లూబెర్రీలు వేసి ఉంటే ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది. వాటి రంగుకి కారణమైన ఆంథోసయనిన్ క్షారం తగిలితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పండు చుట్టూ పిండి పచ్చగా కనిపించిందంటే సోడా ఎక్కువైనట్టే.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి చెబుతాను. సోడా గానీ బేకింగ్ పౌడర్ గానీ పిండిలో కొత్త బుడగలు పుట్టించవు. పుట్టిన వాయువు ముందు పిండిలోని నీటిలో కరుగుతుంది, తర్వాత అప్పటికే ఉన్న చిన్న చిన్న గాలి బుడగల్లోకి చేరి వాటిని పెద్దవి చేస్తుంది. బుడగల్ని ముందే పెట్టాల్సింది మనం, విస్క్‌తో. అందుకే గుడ్లు, మజ్జిగ కలిపి పైన నురగ కనిపించేదాకా బాగా గిలకొట్టండి. మైదాని, పొడి పదార్థాలని కలిపి జల్లించండి, లేదా విస్క్‌తోనే అర నిమిషం తిప్పండి. ఎంత ఓపికుంటే అంత కొట్టండి, ఎంత బలముంటే అంత తిప్పండి. తడి, పొడి వేరు వేరు గిన్నెల్లో ఉన్నంతసేపూ మీకు పూర్తి స్వేచ్ఛ.

రెండూ కలిసిన క్షణం నుంచి ఆ స్వేచ్ఛ పోతుంది.

మైదాలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అని రెండు ప్రోటీన్లుంటాయి. నీళ్లు తగిలి, కదలిక తగిలితే ఇవి అల్లుకుని గ్లూటెన్ అవుతాయి. రొట్టెలో అది కావాలి, ఎందుకంటే అక్కడ ఈస్ట్ గంటల తరబడి మెల్లగా గాలి ఊదుతుంది, దాన్ని ఆపడానికి సాగే గోడలు ఉండాలి. పాన్‌కేక్ జీవితం పెనం మీద నాలుగైదు నిమిషాలు. అంత గట్టి గోడలుంటే బుడగ పెద్దది కాలేదు, తిన్నప్పుడు సాగుతుంది. పైగా కలుపుతున్నకొద్దీ, పుట్టిన గాలిని మన చేతులతోనే బయటికి తోలేస్తున్నాం. ఒక్క పనితో రెండు నష్టాలు.

కాబట్టి పొడి మధ్యలో గుంట చేసి, తడి పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి తీస్తూ మడవండి. పొడి మైదా కనబడకుండా పోయిన క్షణం ఆపేయండి. పది పదిహేను సార్లు తిప్పితే సరిపోతుంది. ఉండలుంటాయి. ఉండనివ్వండి. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా, గిన్నె చేతికిచ్చి ఇటు తిరిగేలోపు చేతులు ఊరుకోవు, ఇంకో రెండు తిప్పులు తిప్పేస్తాయి. (నవ్వులు) ఉండ కనిపిస్తే చితపాలని మనకి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. శనగగింజంత ఉండలు పెనం మీదకి వెళ్లేలోపు తడిసి కరిగిపోతాయి. నిమ్మకాయంత ఉండ ఉంటే అది వేరే విషయం, దాన్ని గిన్నె అంచుకి అదిమి విడదీయండి, మొత్తం పిండిని తిప్పకండి.

వెన్న ఎప్పుడు పోయాలన్నదాని గురించి రకరకాల మాటలు వినిపిస్తాయి. గుడ్లు, మజ్జిగతో పాటే పోయొచ్చు. ఒక్క జాగ్రత్త: మజ్జిగ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదైతే కరిగిన వెన్న తగలగానే రవ్వలు రవ్వలుగా పేరుకుంటుంది. అరగంట ముందే మజ్జిగనీ గుడ్లనీ బయట పెట్టండి, సరిపోతుంది.

కలిపాక ఎంతసేపు ఆగాలి? ఇక్కడ రెండు లెక్కలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఆగితే మైదా పూర్తిగా తడుస్తుంది, పిండి కాస్త చిక్కబడుతుంది, అల్లుకున్న గ్లూటెన్ వదులవుతుంది. కానీ ఆగినంతసేపూ సోడా గాలి పోతూనే ఉంటుంది. బేకింగ్ పౌడర్ వేడికి ఇవ్వాల్సిన వాటా మాత్రం భద్రంగా ఉంటుంది. నా తీర్పు పది నిమిషాలు. అరగంట అక్కర్లేదు, రాత్రంతా అసలే వద్దు. ఆ పది నిమిషాల్లో పెనం వేడి చేసుకోండి. ముఖ్యంగా, ఆగిన తర్వాత పిండిని మళ్లీ కలపకండి. పైన నురగలా తేలి ఉంటుంది చూడండి, అదే మనం ఇంతసేపూ దాచుకున్నది. గరిటె ఒక పక్కనుంచి దించి మెల్లగా తీసుకోండి.

పిండి జారు ఎలా ఉండాలో కొలతతో చెప్పలేం, చూపించాలి. ఇటు చూడండి. గరిటె ఎత్తాను. సన్నటి ధారగా కారడం లేదు, ముద్దగా ఊడి పడటం లేదు. వెడల్పుగా జారి, పడినచోట చిన్న గుట్టలా నిలబడి, రెండు మూడు సెకన్లకి మెల్లగా కలిసిపోతోంది. ఇదే కావాలి. పలుచగా ఉంటే బుడగలు పైకి తేలి పగిలిపోతాయి, పాన్‌కేక్ వెడల్పుగా పలుచగా వస్తుంది. మరీ గట్టిగా ఉంటే బయట రంగొచ్చినా నడుమ పచ్చిగా ఉంటుంది. మజ్జిగల చిక్కదనం రకరకాలుగా ఉంటుంది కాబట్టి రెండు కప్పుల్లో పావు కప్పు పక్కన పెట్టుకుని, అవసరమైతేనే పోయండి. అదీ కలిపేటప్పుడే పోయాలి, ఆగిన తర్వాత కాదు.

ఇక పెనం. సగం పాన్‌కేకులు ఇక్కడే చెడిపోతాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

లోపల ఏం జరగాలో ముందు అర్థం చేసుకుందాం. 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య మైదాలోని స్టార్చ్ నీళ్లు పీల్చి ఉబ్బి చిక్కబడుతుంది, గుడ్డులోని ప్రోటీన్లు గడ్డకట్టడం మొదలుపెడతాయి. చక్కెర ఉంటే ఇది కొంచెం ఆలస్యమవుతుంది. బుడగల గోడలు నిలబడేది అప్పుడే. ఆ వేడి అడుగు నుంచి పైకి రావాలి. పెనం చల్లగా ఉంటే గోడలు కట్టుకునేలోపే గాలి పోతుంది, పిండి పరుచుకుంటుంది. పెనం మరీ వేడిగా ఉంటే అడుగు మాడుతుంది, నడుమ ఇంకా జారుగానే ఉంటుంది, తిరగేయగానే అణిగిపోతుంది. పెనం పైభాగం 175 నుంచి 190 డిగ్రీల మధ్య ఉంటే ఈ రెండు ప్రమాదాలూ తప్పుతాయి.

థర్మామీటర్ లేనివాళ్లు నీళ్ల చుక్కలు చల్లి చూడండి. చుక్క పడి ఊరికే ఉడుకుతూ కూర్చుంటే వేడి చాలదు. చుయ్‌మని గెంతి ఒకటి రెండు సెకన్లలో ఆవిరైపోతే సరిగ్గా ఉంది. చుక్క ఆవిరి కాకుండా గుండ్రంగా పూసలా మారి పెనం మీద చాలాసేపు జారుతూ తిరిగితే మరీ వేడెక్కింది. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పెనానికి తగలనివ్వదు. యోహాన్ గోట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీని గురించి రాశాడు, అందుకే లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు. అలా తిరుగుతుంటే మంట తగ్గించి నిమిషం ఆగండి.

మంట ఎప్పుడూ మధ్యస్థానికి కాస్త కిందే ఉండాలి, పెనం వేడెక్కడానికి అయిదారు నిమిషాలు ఇవ్వాలి. పెద్ద మంట మీద నిమిషంలో వేడి చేసిన పెనం నడుమ మండుతూ అంచుల్లో చల్లగా ఉంటుంది. మందపాటి ఇనుప పెనం మెల్లగా వేడెక్కుతుంది, చల్లటి పిండి పడినా వేడి వదలదు, దీనికి అదే నమ్మకమైనది. పలుచటి నాన్‌స్టిక్ అయితే ప్రతి విడతకీ మంట సర్దుకోవాలి.

కొవ్వు ఎంత వేయాలి? కనిపించీ కనిపించనట్టు. ఒక చెంచా నూనె వేసి కాగితంతో మొత్తం తుడిచేయండి. నూనె మడుగుల్లా ఉంటే పాన్‌కేక్ మీద మచ్చలు మచ్చలుగా రంగు వస్తుంది, అంచులు వేగి గట్టిపడతాయి. మొదటిది ఎప్పుడూ చెడిపోతుందని అంటారు కదా, కారణం ఇదే: వేడి అప్పటికి కుదురుకోదు, నూనె మొత్తం ఆ ఒక్కదానికే అంటుకుంటుంది. ఆరు నిమిషాలు వేడి చేసి, నూనె తుడిచి పోస్తే మొదటిది కూడా బాగానే వస్తుంది. వెన్న వాసన కావాలంటే నెయ్యి రాయండి. వెన్నలోని పాల పదార్థాలు ఈ వేడికి మాడి నల్లటి చుక్కలవుతాయి, నెయ్యిలో అవి ఉండవు.

పావు కప్పు పిండి తీసుకుని పెనానికి దగ్గరగా, ఒకేచోట పోయండి. గరిటెతో పరచకండి, అది తనే కావలసినంత పరుచుకుంటుంది. ఒక్కోదాని మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. పండ్ల ముక్కలు వేయాలంటే ఇప్పుడు పైన చల్లండి. గిన్నెలోనే కలిపితే అడుగుకి దిగిపోతాయి, రసం వదిలి పిండిని పలుచన చేస్తాయి.

ఇప్పుడు చేతులు కట్టుకుని చూడటమే. ముందు పైన బుడగలు లేస్తాయి, పగులుతాయి, పగిలినచోట పిండి మళ్లీ కలిసిపోతుంది. ఇప్పుడే తొందరపడి తిరగేసేవాళ్లు చాలామంది. కలిసిపోతోందంటే పిండి ఇంకా జారుగా ఉందనే. కాసేపటికి బుడగ పగిలి, చిల్లు చిల్లుగానే నిలిచిపోతుంది. అంచుల మెరుపు పోయి ఆరినట్టు కనిపిస్తుంది. అప్పుడు తిరగేయాలి. మామూలుగా రెండు నుంచి మూడు నిమిషాలు పడుతుంది. పిండి చిక్కగా ఉంటే బుడగలు తక్కువ కనిపిస్తాయి, అప్పుడు అంచుల్నే నమ్ముకోండి.

అట్లకాడ పూర్తిగా కిందికి తోసి, ఎత్తులోంచి పడేయకుండా మణికట్టు తిప్పి పక్కకి ఒరిగించండి. తిరగేయగానే ఒక్కసారిగా ఇంకాస్త ఉబ్బుతుంది చూడండి. అడుగున ఇప్పటిదాకా వేడి చూడని పిండికి ఒక్కసారిగా వేడి తగులుతుంది, బేకింగ్ పౌడర్ మిగిలిన వాటా వదులుతుంది, నీరు ఆవిరవుతుంది. సరిగ్గా ఈ క్షణంలోనే కొంతమంది అట్లకాడతో గట్టిగా అదుముతారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంత చాకిరీ చేసి లోపల దాచినదంతా ఆ ఒక్క దెబ్బతో పోతుంది. అదమకండి. మళ్లీ మళ్లీ తిప్పకండి. ఒక్కసారి తిరగేయడం, ఒకటి లేదా ఒకటిన్నర నిమిషం ఆగడం, తీసేయడం. రెండో వైపు రంగు మొదటి వైపంత సమంగా రాదు, ఎందుకంటే చిల్లులున్న వైపు పెనానికి పూర్తిగా ఆనదు. అది లోపం కాదు, వడ్డించేటప్పుడు మొదటి వైపు పైకి పెట్టుకుంటే సరి.

అన్నీ అయ్యేదాకా వేడిగా ఉంచాలంటే ఒవెన్‌ని 95 డిగ్రీల దగ్గర పెట్టి, జాలీ మీద పక్కపక్కనే పరచండి. ఒకదానిమీద ఒకటి పేర్చి మూత పెడితే ఆవిరికి తడిసి అడుగువి అణిగిపోతాయి. ఫొటోల్లో కనిపించే ఆ ఎత్తైన దొంతరలు తినే ముందు పేర్చుకోవాల్సినవి, దాచడానికి కాదు.

ఇక ప్రశ్నలు. ... తెల్లసొన విడిగా గిలకొట్టి కలిపితే ఇంకా బాగుంటుందా అని. ఉంటుంది, నిజమే. గిలకొట్టిన తెల్లసొనలో గాలి ముందే సిద్ధంగా ఉంటుంది. కానీ దాన్ని చివర్లో మడవాలి, మడిచాక ఆగకూడదు, వెంటనే పెనం మీదకి వెళ్లాలి. పది నిమిషాల విరామం అనే సౌకర్యం పోతుంది. జపాన్‌లో ప్రసిద్ధమైన సూఫ్లే పాన్‌కేకుల ఎత్తంతా ఈ తెల్లసొన నురగదే, వాటిని మూతపెట్టి చాలా తక్కువ మంట మీద చేస్తారు. అవి వేరే వంట. మజ్జిగ పాన్‌కేక్‌కి ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం, తినేటప్పుడు గుడ్డు రుచి ముందుకొస్తుంది కూడా.

గుడ్డు లేకుండా? చేయొచ్చు. గుడ్డు ఇక్కడ చేసే పెద్ద పని గోడల్ని గట్టిపరచడం. అది లేనప్పుడు పిండి కాస్త చిక్కగా ఉంచండి, పాన్‌కేక్ చిన్నదిగా పోయండి, మంట ఇంకొంచెం తగ్గించండి. ఒక్కో గుడ్డుకి బదులు టేబుల్‌స్పూన్ అవిసెగింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లలో నానబెట్టి జిగురయ్యాక కలిపితే పట్టు వస్తుంది. గుడ్డు వేసినంత ఎత్తు మాత్రం రాదు, మెత్తగా ఉంటుంది.

గోధుమపిండి సగం కలపొచ్చు. తవుడు నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి రెండు మూడు చెంచాల మజ్జిగ పెంచి, పదిహేను నిమిషాలు ఆగండి. పూర్తిగా గోధుమపిండితోనే చేస్తే రుచి బాగుంటుంది, బరువు తప్పదు.

రాత్రే కలిపి పెట్టుకోవచ్చా అని ఎవరో అడిగారు. పొడి ఒక డబ్బాలో, తడి ఇంకో గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వెన్న తప్ప. పొద్దున్నే మజ్జిగ చల్లదనం పోయాక వెన్న కరిగించి పోసి కలపండి. కలిపేసిన పిండిని రాత్రంతా ఉంచితే సోడా పూర్తిగా అయిపోతుంది, అప్పుడు ఎంత మంచి పెనమైనా ఏమీ చేయలేదు.

బేకింగ్ పౌడర్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పావు కప్పు వేడి నీళ్లలో అర టీస్పూన్ వేయండి. బుసబుసా పొంగాలి. ఒకటి రెండు బుడగలొచ్చి ఊరుకుంటే ఆ డబ్బా పారేయండి. తేమ తగిలి లోపలే పనైపోయి ఉంటుంది. వంటసోడాకైతే నీళ్లు చాలవు, వెనిగరో నిమ్మరసమో పోసి చూడాలి.

ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్లకి ఒక మాట. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బుడగలు త్వరగా పెద్దవై, గోడలు గట్టిపడకముందే పగిలిపోతాయి. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లకి తగ్గించి, ఒకటి చేసి చూసి సరిచేసుకోండి.

మిగిలినవి పూర్తిగా చల్లారాక, మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే రెండు నెలల దాకా బాగుంటాయి. తిరిగి వేడి చేయడానికి టోస్టర్ మంచిది, పైభాగం మళ్లీ కాస్త కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో మెత్తగా తడిగా అవుతాయి, తొందరుంటే అదీ ఫర్వాలేదు.

పెనం వేడెక్కింది. పిండి కలిపి పది నిమిషాలైంది. ముందు వరస వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పోయండి, చెరొక పావు కప్పు. గిన్నెలో గరిటె తిప్పేవాళ్లని మాత్రం నేను చూస్తూనే ఉంటాను.